మెట్లు దిగిన కొలువు

మైలవరంలో ఒక బడివాళ్ళు పిల్లల సైన్స్ ప్రదర్శన చూసి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. అది చాలక పత్రికల్లో దేవుడితో తగవు పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నదాన్ని. నన్ను పిలిస్తే ఊళ్ళో ఎవరో ఒకరికి కోపం వస్తుందని తెలిసే పిలవాలి. పిలిచిన టీచరు శిరీష చిన్నపిల్ల, ఆ మాత్రం ధైర్యం ఉన్న పిల్ల. నిప్పులు కక్కే అట్టముక్కల కొండలు, బుడగల ఊపిరితిత్తులు అన్నీ చూపించి చివరికి నన్ను ఒక గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. గోడకి పెద్ద చార్టు. ఎడమ చివర నాలుక్కాళ్ళ మీద కోతి, దాని ముందు కాస్త లేచిన కోతి, దాని ముందు ఇంకాస్త లేచింది, అలా లేచి లేచి కుడి చివర నిటారుగా మనిషి. సినిమా టిక్కెట్ల వరసలో నిలబడ్డట్టు ఒకరి వెనక ఒకరు. నాకు ఒళ్ళు మండింది. ఇది తప్పమ్మా అన్నాను. ఫోన్లో ఎక్కడ చూసినా ఇలాగే ఉందండి అంది శిరీష. మరి ఎలా గియ్యాలండి అని అడిగింది. గియ్యక్కర్లేదు, ముగ్గు వెయ్యాలి అన్నాను. ఆ పిల్ల నా వంక చూసిన చూపులో, ఈవిడకి పెద్దతనం వచ్చేసిందన్న జాలి స్పష్టంగా కనపడింది.

ఇంటికి రాగానే అటక మీది రేకుపెట్టె దింపించాను. మూత తియ్యగానే ఎండిన వేపాకు వాసన, దాని కింద నుంచి పాత రంగుల వాసన. అమ్మ మంగళగిరి చీర చింపిన ముక్కల్లో ఒక్కొక్కటిగా చుట్టిన కొండపల్లి బొమ్మలు. అన్నీ కోతులే. కోతులు, కొండముచ్చులు, కళ్ళు తప్ప మొహం లేని దేవాంగపిల్లి, భూమ్మీద ఇక లేనివి, ఎప్పుడో ఉండి పోయినవి, వాటి మధ్య పంచె కట్టుకుని గొడుగు పట్టుకున్న ఒక మనిషి. ఆ మనిషిని చేతిలోకి తీసుకోగానే బెజవాడ వన్ టౌన్‌లో మా సందు మొత్తం నా డ్రాయింగ్ రూములోకి నడిచొచ్చింది.

ఆ సందులో మాది కింద కొట్టు, పైన కాపురం, ఆపైన డాబా ఉన్న ఇల్లు. నాన్నది కాగితాల హోల్‌సేలు. రీములు విప్పినప్పుడు వచ్చే పొడి వాసన, తోపుడుబళ్ళ ఇనప చక్రాల చప్పుడు, బండివాళ్ళ తిట్లు, మా పక్క గోడౌన్లో ఎండుమిరప బస్తాలు దులిపినప్పుడు లేచే ఘాటు, ఇవి మాకు గాలి, వెలుతురులాంటివి. ఆ ఘాటుకి సందులో అడుగుపెట్టినవాడల్లా తుమ్మేవాడు. వరుడు తుమ్మేవాడు, పురోహితుడు తుమ్మేవాడు, శవాన్ని మోసేవాళ్ళు కూడా తుమ్మేవాళ్ళు. తుమ్మితే అపశకునం అనేవాళ్ళు మా సందులో ఇల్లు కదల్లేరని, హేతువాదానికి మిరపకాయని మించిన ప్రచారకుడు లేడని నాన్న అనేవాడు. ఆయన ఏ ప్రయాణానికైనా రాహుకాలం చూసుకుని మరీ, సరిగ్గా అందులోనే బయల్దేరేవాడు. అందుకోసం ఏటా ఉగాదికి పంచాంగం కొనేవాడు. మన ఇంట్లో పంచాంగం లేనిదే గడప దాటనిది మీ నాన్న ఒక్కరే అని అమ్మ ఎత్తిపొడిచేది.

అమ్మ భక్తురాలు. అంతకు మించి సంబంధాలు కుదిర్చే మనిషి. కృష్ణా జిల్లాలో ఏ ఇంటిపేరు చెప్పినా అమ్మ వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, వాళ్ళ ముత్తాత దగ్గర ఆగి, అక్కడ విడిపోయిన అన్నదమ్ముల్ని పట్టుకునేది. ఒకడి సంతానం దివిసీమలో ఎలా తేలిందో, ఇంకొకడిది నందిగామ వైపు ఎందుకు పోయిందో, ఎవరి ముక్కు ఎవరికి వచ్చిందో చెప్పేది. సంతానం లేకుండా ఆగిపోయినవాళ్ళని కూడా వదిలేది కాదు. అక్కడితో ఆ గడప మూతపడింది అని ఒక్క క్షణం ఆగి, తరవాతి శాఖకి వెళ్ళేది. మధ్యాహ్నం చింతపండు పిక్క తీస్తూనో, కందులు చెరుగుతూనో ఆవిడ చెప్పే ఈ కథల్ని నాన్న పనికిమాలిన లెక్కలనేవాడు. మనుషుల విలువ పుట్టుకలో లేదని డాబా మీద ఉపన్యాసం చెప్పే మనిషికి అవి రుచించకపోవడం సహజమే.

డాబా మీద ప్రతి ఆదివారం చర్చ ఉండేది. గుమాస్తాలు, టైలర్లు, కాలేజీ కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు మాస్టర్లు వచ్చి చాపలమీద కూర్చుని దేవుడి మీద, కులం మీద, గ్రహాల మీద గొంతు చించుకునేవాళ్ళు. ఆ చాప ఒక మూల నేను. ప్రతి చర్చ మధ్యలో నాన్న ఒకసారి నా వైపు తిరిగి, నువ్వేమంటావమ్మాయ్ అని అడిగేవాడు. అంతమంది మగవాళ్ళు నోరు మూసుకుని నా మాట కోసం ఆగేవాళ్ళు. అప్పట్లో ఒక ఆడపిల్లని అలా అడిగే చోటు నాకు తెలిసినంతలో బెజవాడలో ఇంకోటి లేదు. బడిలో అడగరు, గుళ్ళో అడగరు, పెళ్ళిలో అసలే అడగరు. ఆ డాబా నాకు ఎంత ముఖ్యమో చెప్పకపోతే, ఆ దసరాకి నేనెందుకు అంత కంగారుపడ్డానో మీకు అర్థం కాదు.

అమ్మ ఏటా దసరాకి బొమ్మల కొలువు పెట్టేది. బేసి మెట్లు, తెల్ల దుప్పటి, పై మెట్టు మీద కలశం, అమ్మవారు, కింద దశావతారాలు, అన్నిటికంటే కింద పెళ్ళివారు, కూరలమ్మేవాళ్ళు. ఆ ఏడు నాన్న ఇక దేవుళ్ళు మెట్లెక్కడానికి వీల్లేదన్నాడు. బయట ఒక మాట, ఇంట్లో ఒక బొమ్మ పెట్టుకుని డాబా ఎక్కలేను అన్నాడు. అమ్మ అరవలేదు. "సరే, నా మెట్లు మాత్రం ఖాళీగా ఉండవు. మీ వాళ్ళెవరో మీరే తెచ్చి నింపండి" అంది. నాన్న మర్నాడే నన్ను వెంటేసుకుని కొండపల్లి బస్సెక్కాడు, రాహుకాలంలో.

కొండపల్లిలో ఆ బొమ్మలాయన ఇంటి వరండా నిండా తెల్ల పొణికి చెక్క ముక్కలు, చింతగింజల జిగురు వాసన. నాన్న ఒక పుస్తకం తెరిచి బొమ్మలు చూపిస్తూ ఒక్కొక్కళ్ళ సంగతీ చెప్పాడు. మన కొండల్లోనే ఉండే దేవాంగపిల్లి, రాత్రి తిరిగేది, కోతులకి దూరపు చుట్టం. మదగాస్కర్ దీవిలో తప్ప ఎక్కడా లేని లెమూర్లు. వాటిలో ఒకప్పుడు గొరిల్లా అంత లావైనది ఉండేదనీ, మనుషులు ఆ దీవిలో కాపురం పెట్టాక కనపడకుండా పోయిందనీ చెప్పాడు. తోకతో కొమ్మకి వేళ్ళాడే అమెరికా కోతులు. వాటి పూర్వీకులు సముద్రం మీద కొట్టుకుపోయిన చెట్ల తెప్పలెక్కి అవతలి ఒడ్డు చేరి ఉంటాయని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారంటే బొమ్మలాయన నమ్మాడు. కృష్ణకి వరదొచ్చినప్పుడు గుర్రపుడెక్క దిబ్బల మీద పాములు, ఉడతలు, ఒకసారి ఏకంగా మేకపిల్ల బ్యారేజీ దాకా రావడం ఆయన చూశాడట. చైనాలో మందుల కొట్లలో డ్రాగన్ పళ్ళంటూ అమ్ముతుంటే, అవి మహాకాయమైన ఒక వానరానివని తేలిన సంగతి విని ఆయన పళ్ళు బయటపెట్టి నవ్వాడు. అన్నీ చేసిచ్చాడు. తరతరాలుగా హనుమంతుణ్ణి చెక్కిన చెయ్యి కావడంతో గొరిల్లాకీ చింపాంజీకీ కూడా మొహంలో కాస్త రామభక్తి వచ్చింది. మనిషికి మాత్రం పంచె, కండువా, గొడుగు, కళ్ళజోడు పెట్టాడు. ఎదురుగా కూర్చున్న నాన్ననే చూసి చెక్కాడని ఇంటికొచ్చాక అమ్మ చెప్పేదాకా మాకు తట్టలేదు.

కొలువు నాన్నే పేర్చాడు. అడుగున దేవాంగపిల్లి, లెమూర్లు. ఆపై మెట్టు తోకకోతులు, కొండముచ్చులు. ఆపైన గిబ్బన్, ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ. ఆపైన భూమ్మీద లేని పాతవాళ్ళు, శివాలిక్ కొండల్లో ఎముకలు దొరికిన శివాపిథెకస్, రామాపిథెకస్, ఇంకా గుహల్లో బతికిన నియాండర్తల్. శిఖరాన, అమ్మవారు కూర్చునే చోట, గొడుగు పట్టుకున్న మనిషి. రామాపిథెకస్ మనిషికి ముత్తాత అని ఆ రోజుల్లో పుస్తకాలన్నీ చెప్పేవి. పేరంటాళ్ళకి ఆ పేరు విన్న దగ్గర్నించీ ధైర్యం వచ్చింది. "దేవుళ్ళు వద్దన్నారుగా అన్నయ్యగారూ, శివుణ్ణీ రాముణ్ణీ మీరే తెచ్చి కూర్చోబెట్టారే" అని ఒకావిడ అంటే, శనగలు పంచుతున్న అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. జనం విరగబడి వచ్చారు. కొండమీద అమ్మవారి దర్శనానికి వరసలో నిలబడి వచ్చినవాళ్ళు, ఆ కాళ్ళతోనే మా సందులోకి తిరిగి కోతుల కొలువు చూసి తుమ్మి వెళ్ళేవాళ్ళు. నాన్న గొంతు రోజురోజుకీ పెరిగింది.

కొలువు సగంలో ఉండగా కామేశ్వర్రావు మాస్టారు వచ్చారు. రిటైరైన తెలుగు పండితుడు. సాయంత్రాలు గుళ్ళో పురాణం చెప్పేవారు. ఆయన పురాణం వినడానికి నాస్తికులు కూడా గోడ పక్కన నిలబడేవాళ్ళంటే అతిశయోక్తి కాదు. మాస్టారు చేతికర్ర గోడకానించి, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా తాపీగా చూసి, శనగలు నోట్లో వేసుకుని అడిగారు. "బాగుందయ్యా సుబ్బారావూ. ఈ కింది మెట్టువాడు పై మెట్టుకి, ఆ పై మెట్టువాడు ఇంకా పైకి ఎక్కితే మనిషయ్యాడు, అంతేగా? మరి ఎక్కినవాడు ఎక్కగా, కింద వీళ్ళంతా ఇంకా ఎందుకున్నారు? ఎక్కడం మర్చిపోయారా, మెట్లు అరిగిపోయాయా?"

గది గదంతా నవ్వింది. నాన్న కూడా నవ్వుదామని ప్రయత్నించి, గొంతు సవరించుకుని, లక్షల సంవత్సరాలనీ, పరిసరాలనీ ఏదో మొదలుపెట్టాడు. మాస్టారు మెత్తగా, "కాలం సంగతి కాదయ్యా, కోతి సంగతి చెప్పు" అన్నారు. నాకు బాగా గుర్తు, నాన్న చెయ్యి మెట్టు మీది గొరిల్లాని ఊరికే అటూ ఇటూ సర్దుతూ ఉండిపోయింది. కోపిష్టి మనిషి ఓడినప్పుడు చేసే తెలివితక్కువ పనే అప్పుడాయన చేశాడు. పండగనాటికి జవాబు చెప్పలేకపోతే ఈ బొమ్మలు అటకెక్కుతాయి, నా డాబా మీద చర్చ కూడా అంతటితో సరి అని అందరి ముందూ అనేశాడు. మాస్టారు తగ్గలేదు. చెబితే నీ కోతి ముందు నా చేత్తో పువ్వు పెడతానన్నారు. వాళ్ళిద్దరికీ అది మాటకి మాట. ఆ పందెంలో ఒడ్డింది నా చాప అని ఇద్దరికీ తోచలేదు.

దసరా సెలవులు గనక మర్నాడు కరుణమ్మ టీచర్ ఇంటికే వెళ్ళి సంగతంతా చెప్పాను. ఆవిడ మాకు బడిలో ప్రకృతి శాస్త్రం చెప్పేవారు. ఆదివారం చర్చికి వెళ్ళేవారు గనక మా డాబా ఎప్పుడూ ఎక్కలేదు. చర్చికెళ్ళే మనిషికి పరిణామం ఏం తలకెక్కుతుంది అని నాన్న ఒకసారి అనడం నేను విన్నాను. ఆ మాటా టీచరుకి తెలుసు, మన ఊళ్ళో తెలియని మాట ఏముంటుంది. అయినా సాయంత్రం నాతో మా ఇంటికి వచ్చారు. గుమ్మంలో తుమ్మి, లోపలికొచ్చి, కొలువు ముందు నిలబడి, ఒక్కో బొమ్మనీ పేరుతో పలకరించినట్టు చూశారు. బొమ్మలు చాలా బాగున్నాయండి, మెట్లే అబద్ధం చెబుతున్నాయి అన్నారు.

నాన్నకి చురుక్కుమంది. మీ బైబిలు దీన్ని ఒప్పుకుంటుందా అని ఆవిణ్ణి అడిగాడు. టీచర్ గొంతు పెంచలేదు. అది నాకూ దేవుడికీ మధ్య సంగతండి, ఎముకలు ఏం చెబుతాయో అది మాత్రం క్లాసులో చెబుతాను అన్నారు. ఇప్పుడున్న ఏ కోతీ మనకి తాత కాదనీ, వాటికీ మనకీ కలిపి ఎప్పుడో ఒక పాత పూర్వీకుడున్నాడనీ, అక్కణ్ణించి కొమ్మలు చీలాయనీ, ఏ కొమ్మ బతుకు దానిదేననీ వివరించారు. దేవాంగపిల్లి మనిషి కావాలని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన జీవి కాదు. చీకట్లో పురుగుల్ని పట్టుకోవడంలో దానంత ఘనుడు లేడు. తరవాత ఆవిడ పై మెట్టు వైపు చూపించి అన్న మాట నేను రాసిన ప్రతి వ్యాసంలోనూ ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంటుంది.

"మీరు దేవుణ్ణి దించేశారు సుబ్బారావు గారూ. ఆయన కూర్చున్న పీట మాత్రం తియ్యలేదు. దానిమీద మిమ్మల్ని కూర్చోబెట్టుకున్నారు."

ఇంకొకరైతే ఆ మాటకి తలుపు చూపించేవాళ్ళు. నాన్న తన్ని పోలిన ఆ బొమ్మని, గొడుగుతో సహా, తన చేత్తోనే పై మెట్టు నుంచి దించాడు. నిజం ఎవరి నోట వచ్చినా వంగాలని ఆయన డాబా మీద చాలాసార్లు చెప్పాడు. వంగడం మాత్రం అప్పుడే మొదటిసారి చూశాను. ఆ రోజు నాన్న నాకు ఎప్పటికంటే పొడుగ్గా కనిపించాడు.

మెట్లు తీసేస్తే బొమ్మల్ని ఎలా పెట్టాలన్నది మిగిలింది. టీచర్ కాగితం మీద కొమ్మలు గీసి చూపిస్తుంటే, కాఫీ గ్లాసులు తెచ్చిన అమ్మ వెనక నుంచి తొంగి చూసింది. ఇదేమన్నా బ్రహ్మవిద్యా, ఇంటిపేరు లెక్కేగా అంది. టీచర్ వెనక్కి తిరిగారు. అమ్మ చెప్పుకుపోయింది. ముత్తాత ఒక్కడే. ఆయన పిల్లలు తలో ఊరూ పోయారు. దివిసీమవాళ్ళు చేపలు పట్టడం నేర్చారు, నందిగామవాళ్ళు మిరప వేశారు. వీళ్ళు వాళ్ళ తాతలూ కారు, వాళ్ళు వీళ్ళ తాతలూ కారు. దాయాదులు. "కోతి మన తాతని మీరు అరుస్తుంటే నాకు అప్పుడే అనుమానమొచ్చింది. తాతైతే ఈపాటికి పోయి ఉండాలిగా. ఎదురుగా కూర్చుని అరటిపండు తింటున్నాడంటే దాయాదే అయ్యుండాలి." టీచర్ కాఫీ గ్లాసు కింద పెట్టేసి మరీ నవ్వారు. ఇన్నేళ్ళుగా ఈ పాఠం ఇంత తేలిగ్గా చెప్పడం నాకు చేతకాలేదమ్మా అన్నారు. పనికిమాలిన లెక్కలన్న నాన్న గోడవైపు చూస్తూ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆ తరవాత జరిగినదాన్ని నేను ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాను. అమ్మ బియ్యప్పిండి తెచ్చింది. గదిలో ఎర్ర గచ్చు మీద, గుమ్మం దగ్గర ఒక్క గీతతో మొదలుపెట్టి, టీచర్ చెబుతున్న చోటల్లా ఆ గీతని చీల్చుకుంటూ ఎదుటి గోడదాకా ముగ్గు లాగింది. తడుముకోకుండా, చెయ్యెత్తకుండా, రెండు వేళ్ళ మధ్యనుంచి పిండి సన్నటి ధారలా జారుతుంటే ఆ కొమ్మలు మా కళ్ళముందు పెరిగాయి. బతికున్నవాళ్ళంతా గోడ పక్కన ఒకే వరసలో, ఒకళ్ళకంటే ఒకళ్ళు ఎత్తు లేకుండా. దేవాంగపిల్లి, లెమూర్, అమెరికా తోకకోతి, మన కోతి, కొండముచ్చు, గిబ్బన్, ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, వాళ్ళ పక్కనే, చివరాఖర్న కూడా కాదు, వరసలో ఒకడిగా గొడుగాయన. అంతరించినవాళ్ళు గది మధ్యలో, గీత ఆగిపోయిన చోట. ఆ పెద్ద లెమూర్‌ని అక్కడ పెడుతూ అమ్మ అలవాటుగా, ఈ గడప మూతపడింది అంది. నవ్వొచ్చే మాటే గాని ఎవరం నవ్వలేదు. రామాపిథెకస్‌ని మన కొమ్మ మీద పెడుతూ టీచర్ మాత్రం ఒక హెచ్చరిక చేశారు. ఇప్పటికి ఇక్కడ పెడదాం, రేపు ఎముకలు ఇంకో మాట చెబితే జరపాలి అన్నారు.

పండగనాడు సందు నిండిపోయింది. నాన్న ముగ్గు పక్కన నిలబడి, జవాబు మా అమ్మాయి చెబుతుందన్నాడు. మాస్టారు గుమ్మంలో నిలబడి మెట్లేవని చూశారు. గచ్చు మీద పరుచుకున్న ముగ్గు చూసి కనుబొమ్మ ఎగరేశారు. అయితే కోతులు ఇంకా ఎందుకున్నాయో చెప్పు తల్లీ అన్నారు.

నేను ముందురోజంతా బట్టీపట్టిన ఉపన్యాసం మాయమైపోయింది. అమ్మ మాటొక్కటే నోటికొచ్చింది. "మాస్టారూ, మీ పెదనాన్నగారి అబ్బాయి గుడివాడలో ఉన్నారుగా. మీరు పుట్టారని ఆయన లేకుండా పోయారా?"

మాస్టారికీ ఆ గుడివాడ అన్నగారికీ పొలం గట్టు తగాదా ఎన్నాళ్ళుగా నడుస్తోందో అక్కడ తెలియనివాళ్ళు లేరు. మాస్టారు చేతికర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"ఎందుకు పోతాడమ్మా, లక్షణంగా ఉన్నాడు. ఏటా నా గట్టు కొరుక్కు తింటూనే ఉన్నాడు."

"మరి మీరు ఆయన్నుంచి పుట్టారా?"

"రామ రామ. ఇద్దరికీ తాత ఒక్కడే."

"ఇదీ అంతేనండి. ఇదుగో ఈ గుమ్మం దగ్గరున్నాడు తాత. ఇప్పుడు లేడు. గోడ దగ్గరున్నవాళ్ళంతా దాయాదులు."

మాస్టారు వంగి, గుమ్మం దగ్గర మొదలైన గీతని కర్ర మొనతో తాకకుండా, గాల్లోనే గోడదాకా అనుసరించారు. మధ్యలో ఆగిపోయిన గీతల దగ్గర ఆగారు. ఒక్కొక్కరూ ఎవరని అడిగారు, చెప్పాను. కొండముచ్చు దగ్గరికొచ్చి చాలాసేపు చూసి, "అయితే వీడు నాకు దాయాది. గుడివాడ వాడికంటే వీడే నయం, కోర్టుకెక్కడు" అన్నారు. ఆ మాటకి గదంతా నవ్విన నవ్వుకి మా డాబా మీది పిట్టలు లేచి ఉంటాయి. నవ్వు ఆగాక ఆయన జేబులోంచి చామంతి తీసి, అన్న మాట ప్రకారం, కొండముచ్చు ముందు పెట్టారు. మా ఇంట్లో పూజలు కుదరవు మాస్టారూ అని నాన్న అడ్డుపడబోతే, ఊరుకోండి, చుట్టానికి పువ్విస్తే పూజవుతుందా అని అమ్మ కసిరింది. ఆ తరవాతి ఆదివారం డాబా మీద చాపలు పరిచారు. ముందు వరసలో మాస్టారు కూర్చున్నారు. నా చాప నాకుంది. చనిపోయేదాకా ఆయన ప్రతి ఆదివారం మాతో దెబ్బలాడటానికి వచ్చేవారు. పురాణం మానలేదు, మేమూ మానమని అడగలేదు.

నేను కాలేజీలో చదువుతుండగా ఎముకలు నిజంగానే ఇంకో మాట చెప్పాయి. రామాపిథెకస్ మన ముత్తాత కాడనీ, ఒరాంగుటాన్ వైపు మనిషనీ, శివాపిథెకస్‌తో ఒకే జాతివాడనీ తేల్చారు. ఆ ఏడు కొలువులో ఆ బొమ్మని నా చేత్తో జరిపాను. అమ్మ విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. శివుడూ కేశవుడూ ఒకటేనని మీ తాతయ్య నా చిన్నప్పుడే చెప్పాడు, మీ వాళ్ళకి తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది అంది. చెప్పిన మాట తప్పని తేలితే బొమ్మని జరపగలగడం, సైన్సుకీ తక్కినవాటికీ తేడా అదేనని నేను వేదికల మీద చాలాసార్లు వాదించాను. ఆ తరవాత చింపాంజీకి గొరిల్లా కంటే మనమే దగ్గరని రక్తం చెప్పింది. ఇండోనేషియా దీవిలో గుహల్లోంచి మూడడుగుల మనుషులు బయటపడ్డారు. నియాండర్తల్ గడప పూర్తిగా మూతపడలేదనీ, వాడి నెత్తురు కాస్త మనలోనే పారుతోందనీ తేలింది. ప్రతిసారీ కొండపల్లి వెళ్ళాను, కొత్త బొమ్మ చేయించాను, ముగ్గులో కొత్త కొమ్మ లాగాను. నా చిన్నప్పటి పై మెట్టు మీద మనిషి ఒంటరివాడు. ఇప్పుడు వాడి చుట్టూ ఇంతమంది చుట్టాలు.

రోజులు మారాయని అందరూ అంటారు, నేనూ అంటాను. అప్పుడు ఎదుటివాడు ఇంటికొచ్చి, శనగలు తిని, మొహంమీదే ప్రశ్న అడిగి, జవాబు దొరికితే పువ్వు పెట్టి వెళ్ళేవాడు. ఇప్పుడు ఫోనులో తిట్టి మాయమవుతాడు. అప్పుడు కోతులు కొండల్లోని చెట్లమీద ఉండేవి, ఇప్పుడు కొండలు తవ్వేసి చెట్లు నరికేస్తే మన పెరట్లలోకి వచ్చాయి. వచ్చాయని మనకే కోపం. అయినా ఏడవడానికి నేనీ పెట్టె దించలేదు. కామేశ్వర్రావు మాస్టారి లాంటి వాది ముందు గెలిచిన మాట ఇంకెక్కడైనా గెలుస్తుంది.

వారం తిరక్కుండా పెట్టె ఆటోలో వేసుకుని, బస్టాండులో మైలవరం బస్సెక్కించి ఆ బడికి మళ్ళీ వెళ్ళాను. శిరీష చార్టు తీసేసి ఉంచింది. వరండాలో బియ్యప్పిండితో మొదటి గీత నేను లాగాను. గీత వంకరపోయింది. ఇటివ్వండి మేడమ్ అని ఏడో తరగతి పిల్ల ఒకతె, రెండు జడలది, పిండి గిన్నె నా చేతిలోంచి తీసుకుంది. నేను చెబుతున్న చోటల్లా చీల్చుకుంటూ గోడదాకా లాక్కుపోయింది. అచ్చం అమ్మలా, చెయ్యెత్తకుండా. బొమ్మలు పెట్టాం. దాయాదుల సంగతి చెప్పాను. ఒక కుర్రాడు లేచి, మరి కోతి మనిషైతే కోతులింకా ఎందుకున్నాయి మేడమ్ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే జడల పిల్ల వాడి వైపు తిరిగింది. "మా బాబాయి కూతురుందని నేను లేకుండా పోయానేంట్రా?" అంది.

అదే సమయానికి ప్రహరీగోడ మీద ధబ్బుమని చప్పుడైంది. మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల వాసనకి వచ్చిన కోతి, పెద్దది, పిల్లని పొట్టకి హత్తుకుని కూర్చుని ముగ్గువైపే చూస్తోంది. ఎప్పుడూ అయితే కర్రలు తీసుకుని పరిగెత్తేవాళ్ళట. ఎవరూ కదల్లేదు. జడల పిల్ల చేతులకంటిన పిండి గౌనుకి తుడుచుకుని, గోడమీదున్నదాన్ని ఎగాదిగా చూసింది.

"దాయాది వచ్చింది టీచర్, వాటా కోసం" అంది.